మధ్యాహ్నపు ఈగలు

కడపలో నేను పాఠాలు చెప్పిన కాలేజీ ఒంటిపూట కాలేజీ. ఒంటిగంటకు బెల్లు మోగితే పిల్లలూ లెక్చరర్లూ ఒక్కసారిగా గేటు దాటేవాళ్ళు. నేను జువాలజీ ల్యాబుకు తాళం వేసే పని పెట్టుకుని కాసేపు ఆగేదాన్ని. అందరూ పోయాక డబ్బా తెరిచి అన్నం తిని, రెండింటికల్లా పార్కులో ఉండేదాన్ని.

ఆ ఎండలో మధ్యాహ్నం రెండింటికి పార్కుకు ఎవరూ రారు. అందుకే ఆ వేళకు వెళ్ళేదాన్ని. క్లాసులో నలభై మంది ముందు నిలబడి కప్ప గుండె గురించి ముప్పావు గంట చెప్పగలను. అది కప్ప గుండె కాబట్టి. స్టాఫ్‌రూములో పక్క కుర్చీ మేడమ్ "ఆదివారం ఏం చేసినారు?" అని అడిగితే మాత్రం లేని పని గుర్తు తెచ్చుకుని ల్యాబుకు వెళ్ళిపోతాను. హాస్టల్లో నా గదిలో ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు. ఇద్దరూ నర్సులు, ఒకే ఆసుపత్రి, ఒకే ఊరు. వాళ్ళ మాటల మధ్యలోకి దూరడానికి నాకు చోటు కనిపించేది కాదు. క్లాసులో చెప్పింది కాక రోజంతా నేను మాట్లాడిన మాటలెన్నో లెక్కపెట్టి డైరీలో రాసుకున్న రోజులున్నాయి. ఒక శుక్రవారం ఆ లెక్క పద్నాలుగు. అందులో ఆటో అతనితో మాట్లాడినవే ఆరు.

పార్కు ఉత్తరం మూలలో ఒక కుళాయి ఉంది. పిడి సరిగ్గా తిరగదు, నీళ్ళు ఎప్పుడూ సన్నగా కారుతుంటాయి. కింద పరిచిన కడప బండ మీద పాచి పట్టి, చుట్టూ మెట్టతామర మొక్కలు గుబురుగా పెరిగాయి. ఆగస్టులో ఒక మధ్యాహ్నం అక్కడ మొహం కడుక్కోవడానికి వంగినప్పుడు ఆ ఈగను చూశాను. గసగసం గింజ కన్నా కాస్త పెద్దది. తేనె రంగు ఒళ్ళు, రెక్క అంచున ఒకే ఒక్క నల్ల చుక్క. తడి బండ మీద నాలుగడుగులు నడవడం, ఆగడం, ఒక రెక్క ఎత్తి దించడం, తర్వాత రెండోది ఎత్తి దించడం. నీళ్ళ పనిలో ఉన్న మనిషి మధ్యమధ్య చేతులు విదిలించుకున్నట్టు. మొహం కడుక్కోవడం మర్చిపోయి చూస్తూ కూర్చున్నాను.

చిన్న ఈగల గురించి నాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు. పుస్తకాల్లో చదువుకున్నదే. వాటిని పట్టడానికి పీల్చే గొట్టం ఒకటి చేసుకున్నాను. చిన్న సీసాకు రబ్బరు బిరడా, బిరడాకు రెండు గొట్టాలు. ఒక గొట్టం చివర ఈగ దగ్గర పెట్టి రెండోదాన్ని నోట్లో పెట్టుకుని పీలిస్తే ఈగ సీసాలో పడుతుంది. నోటివైపు గొట్టానికి పలుచటి గుడ్డ కట్టాలి, లేకపోతే ఈగ ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. పట్టినవాటిని స్పిరిట్లో వేసి, మర్నాడు ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టి, రెక్కలోని గీతలు ఎక్కడ చీలుతున్నాయో, ఎక్కడ కలుస్తున్నాయో పుస్తకంతో సరిచూసేదాన్ని. పుస్తకం ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో దారి. అలా కుటుంబం దాకా వచ్చాను. అక్కణ్ణుంచి ఇంకొంచెం. తర్వాత దారి ఆగిపోయింది.

ఈగల మీద జీవితమంతా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వేరే రాష్ట్రంలో ఉన్నారని, ఎవరు రాసినా జవాబిస్తారని చదివాను. ఆయనకు నాలుగు వాక్యాల మెయిల్ రాయడానికి పదకొండు రోజులు పట్టింది. జవాబు మాత్రం ఆ సాయంత్రమే వచ్చింది. నేను పంపిన ఎనిమిది ఈగల ఫోటోలు బాగున్నాయన్నారు. ఎనిమిదీ ఆడవేనన్నారు. వీటిలో ఆడదాన్ని చూసి పేరు చెప్పలేమని, ఒక్క మగది దొరికితే మళ్ళీ రాయమని అన్నారు.

ఆ సంగతి నాకు అంతకుముందు సరిగ్గా తెలియదు. దగ్గరి జాతుల ఆడ ఈగలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మగవాటికి పొట్ట చివర కొక్కేల్లాంటి భాగాలుంటాయి. అవి ఏ జాతికి ఆ జాతికి వేరు. పుస్తకాల్లో పేర్లన్నీ ఆ కొక్కేలను బట్టే ఉంటాయి. ఒక్క మగది దొరికితే ఆడవాటికీ పేరొస్తుంది. లేకపోతే ఎన్ని పట్టినా సీసాకు 'పేరు తెలియదు' అన్న చీటీయే.

నా కాంట్రాక్టు ఏప్రిల్ దాకే. తర్వాత కర్నూలుకు, ఇంటికి. అక్కడ మైక్రోస్కోపు లేదు. ఈ ఈగ కూడా లేదు. ఏప్రిల్ లోపల ఒక్క మగ ఈగ కావాలి. ఆ సంవత్సరం నేను కావాలనుకున్నది ఆ ఒక్కటే.

ఆ ఊళ్ళో ఆ మాట నాకు కాక తెలిసిన మనిషి పార్కులో ఊడ్చే అక్క. మధ్యాహ్నం కానుగ చెట్టు కింద కొంగు పరుచుకుని పడుకునేది. మొదట్లో నన్ను చూసి ఏదో పోగొట్టుకున్న పిల్ల అనుకుందట. రెండు నెలలయ్యాక తనే వచ్చి బండ పక్కన కూర్చుంది.

"దొరికినాయా పాపా?"

"దొరికినాయక్కా. అన్నీ ఆడవే. మగది కావాల."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మగోడు ఈ ఎండలో యాడ దొరుకుతాడు? నీడ చూసుకోని పండుకోనుంటాడు. మా ఇంట్లో ఉండేటోడూ అంతే."

నేనూ నవ్వాను.

"దొరికితే ఏం జేస్తావు?"

"దాన్ని బట్టి పేరు చెప్తారక్కా."

"పట్టి, సంపి, ఆపైన పేరు పెడతారా?" అంది. "బాగుండాది మీ సదువు."

నెలకు రెండుసార్లు కర్నూలుకు వెళ్ళేదాన్ని. పాత ఊళ్ళో మా నాయనకు పరుపుల అంగడి ఉంది. పురుగులు పట్టే నా వల పాతదైపోయిందని చూసి, పరుపు కుట్టే దారంతో కొత్తది కుట్టి ఇచ్చాడు. అంచు గట్టిగా, పరుపుకు వేసినట్టే రెండు వరుసల కుట్టు. ఎందుకని అడగలేదు. కుట్టేటప్పుడు లోతు ఎంత కావాలని మాత్రం అడిగాడు. అడిగేదంతా నాయన్ను కన్న మా జేజి అడిగేది.

"ఈసారి ఏం పట్టినావే?"

"ఈగలే జేజీ."

"మా కాలంలో ఈగలు తోలుకునేదానికే పొద్దు సరిపోయేది. దీన్ని ఎమ్మెస్సీ దాకా సదివిస్తే పట్టుకోనొస్తాండాది."

కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున ఉన్న పార్కులో మూడు ఆదివారాలు వెతికాను. ఇంకెన్నో రకాలు కనిపించాయి. ముళ్ళ కాళ్ళవి, ఆకుపచ్చగా మెరిసేవి, అరటి తొక్క మీద మూగేవి. రెక్క అంచున నల్ల చుక్క ఉన్నది మాత్రం లేదు. కడపకు తిరిగి వచ్చే బస్సులో ప్రతిసారీ ఒకే ఆలోచన. ఆ కుళాయి బండ మీద, ఆ మెట్టతామర ఆకుల కింద, నా కన్ను పడని చోటు ఇంకేం మిగిలింది? ఆకుల అడుగున చూశాను. మొదళ్ళ దగ్గర మట్టి తవ్వి, గాజు జాడీలో పెట్టి పురుగులు ఈగలుగా మారేదాకా కాచుకుందామనుకున్నాను. హాస్టల్లో నర్సులిద్దరూ వాసన వస్తోందని అన్నారు. కోపంగా కాదు, మర్యాదగానే అన్నారు. జాడీ తీసుకెళ్ళి మట్టి ఉన్నచోటే పోసేశాను.

డిసెంబరు పోయింది. జనవరి పోయింది. సీసాలో ఆడవి నలభై దాటాయి. అన్నిటినీ ఒక్కొక్కటిగా వెల్లకిలా తిప్పి పొట్ట చివర చూడటం, మళ్ళీ స్పిరిట్లో వేయడం. కొన్ని సాయంత్రాలు ల్యాబులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదాకా చీకటి పడిందని తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో రంజాను నెల వచ్చింది. ఒక్కపొద్దు ఉండి ఎండలో వంగి కూర్చోవడం కష్టమే గానీ, వెళ్ళకుండా ఉండటం ఇంకా కష్టం. చిక్కు వేరే చోట వచ్చింది. మొదటి రోజే గొట్టం నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాను. గుడ్డ వదులై ఒకసారి ఈగ నా నాలుక మీదికి వచ్చిన సంగతి గుర్తుంది. పక్కకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను.

"జేజీ, ఒక్కపొద్దులో ఈగను మింగితే ఒక్కపొద్దు పోతాదా?"

"అదంతటదే వచ్చి పడితే పోదులే. తెలిసి మింగితే పోతాది. నువ్వు యాంటికి మింగుతావు?"

"గొట్టంతో పీలుస్తాను గదా, పొరపాటున..."

"గొట్టం పెట్టుకోని పీల్చేది పొరపాటెట్లయితాదే?" అంది జేజి. ఫోన్ పక్కకు తిప్పి "ఇది ఈగల్ని పీలుస్తాదంట" అని ఎవరికో చెప్పడం వినిపించింది. అటువైపు అమ్మ నవ్వు.

గొట్టం సంచిలో పెట్టేశాను. ఇక చిన్న సీసాను ఈగ మీద బోర్లించి, అంచు కింద కాగితం జరపడమే. చాలా నెమ్మది పని. పదిసార్లకు ఒకటి చిక్కేది. పట్టడం తగ్గేసరికి ఊరికే చూడటం ఎక్కువైంది. అక్క కూడా పక్కన కూర్చుని చూసేది. ఒకరోజు తనే అంది.

"ఇది పొద్దున గూడా ఉంటాది. పొద్దునయితే ఇట్ల బండ మీద కాదు. ముసలాయన నెత్తి మీద పొగ మాదిరి ముసురుకుంటాయి."

"ఏ ముసలాయన?"

"తెల్ల టోపీ సాయిబు. నమాజు సేసుకోనొచ్చి ఈ కుళాయి కాడ నిలబడి చేతులు ఊపుతాంటాడు సూడు, ఆయప్ప."

"ఇన్ని నెలలూ చెప్పలేదేమక్కా?"

"నువ్వు అడగల్యా గదా. అయినా పొద్దున వచ్చేటోళ్ళు వేరే. మధ్యాహ్నం వచ్చేది నువ్వొక్కదానివే."

హాస్టల్‌కు వచ్చి డైరీలన్నీ తెరిచాను. ఈగ పట్టిన ప్రతిసారీ తేదీ, వేళ రాసుకునేదాన్ని. రెండుంబావు. రెండున్నర. పది తక్కువ మూడు. రెండుంబావు. ఆరు నెలల పేజీల్లో నాలుగు దాటిన వేళ ఒక్కటి కూడా లేదు. పొద్దున వేళ ఒక్కటి కూడా లేదు. పిల్లలకు నేనే చెప్పాను, ఏ ప్రాణినైనా అన్ని వేళల్లో చూడాలని, లేకపోతే లెక్క తప్పుతుందని. చిన్న ఈగల్లో మగవి పొద్దునా సాయంత్రం గాలిలో గుంపు కట్టి ఆడతాయని, తెల్లగా ఉన్నదాని మీదో ఎత్తుగా ఉన్నదాని మీదో చేరతాయని నేను చదివిన పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను. గీసి, దాటిపోయాను. పొద్దున పార్కులో జనం ఉంటారు.

మగవి లేకపోవడం ఈగల తప్పు కాదు. నేను మనుషుల్లేని గంట ఎంచుకున్నాను, ఆ గంటలో ఉన్నవాటినే ఈగలనుకున్నాను.

ఇది తెలిశాక మర్నాడే వెళ్ళి ఉండాల్సింది. తొమ్మిది రోజులు వెళ్ళలేదు. డైరీలో సాకులు రాసి ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్షలు. మబ్బు. తలనొప్పి. ఒకచోట 'వల కర్ర వదులైంది' అని ఉంది. వల నాయన కుట్టింది, కర్ర కూడా ఆయనే బిగించాడు. వదులు కాలేదు.

పదో రోజు తెల్లవారకముందే సహరీ తిన్నాక మళ్ళీ పడుకోకుండా బయల్దేరాను. గేటు దగ్గర రాగి జావ అమ్మే బండి, దాని చుట్టూ జనం. లోపల చీరల మీద బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు జంటలుగా నడుస్తున్నారు. గడ్డిలో పదిహేను మంది గుండ్రంగా నిలబడి చేతులెత్తి పెద్దగా నవ్వడం ప్రాక్టీసు చేస్తున్నారు. వల చున్నీలో చుట్టి చంకన పెట్టుకున్నాను. కుళాయి దగ్గర ఆయన ఉన్నారు. బక్క మనిషి, తెల్ల చొక్కా, తెల్ల టోపీ. చేతులు ముందుకు చాపి, వెనక్కి లాగుతున్నారు. టోపీకి జానెడు పైన ఎండ ఏటవాలుగా పడే చోట ఒక చిన్న మసక. అది లేస్తోంది, దిగుతోంది. ఆయన ఒకడుగు పక్కకు జరిగితే అదీ జరిగింది.

నేను ఆగలేదు. మిగతావాళ్ళలాగే నడుస్తూ పార్కు చుట్టూ ఒక రౌండు వేసి, గేటులోంచి బయటికి వచ్చేశాను. హాస్టల్ దాకా ఎక్కడా నిలబడలేదు. ఆరోజు డైరీలో ఒక్క మాటే ఉంది. 'ఉన్నాయి.'

మర్నాడు గేటు దగ్గరే అక్క పట్టుకుంది. నిన్న నేను రౌండు వేసి పారిపోవడం చూసిందట.

"రా. నిన్నేం తినడు ఆయప్ప."

చెయ్యి పట్టుకుని కుళాయి దాకా లాక్కెళ్ళింది. "తాతా! ఈ పాప నీతో మాట్లాడాలంట!"

"ఏందీ?"

"మాట్లాడాలంట! నీతో!"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు బండలు కోసే మిషను పక్కన నిలబడి పనిచేశారట, వినికిడి పోయింది. ఆ సంగతి అక్క నాకు ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వచ్చేదాన్ని కాదు.

"తాతా, మీ తల మీద..." అన్నాను.

"గట్టిగా సెప్పమ్మా. ఒక్కపొద్దున్నావా ఏమి, గొంతు లేస్తాండ్లేదు."

"మీ నెత్తి మీద ఈగలున్నాయి!"

నా గొంతు అంత పెద్దది ఉందని నాకే తెలియదు. నడిచేవాళ్ళు ఆగారు. గడ్డిలో నవ్వుతున్నవాళ్ళు నవ్వడం ఆపి ఇటు తిరిగారు. తర్వాత వాళ్ళలో ఒకాయన నిజంగానే నవ్వాడు.

"మున్సిపాలిటీ నుంచా మేడమ్?" అని బూట్ల ఆమె ఒకరు దగ్గరికొచ్చారు. "మా వీధిలో మందు కొట్టి ఎన్ని నెలలాయ తెలుసునా? రాత్రంతా దోమలే."

"కాదండీ, నేను..."

"దోమలు గాదు, ఈగలంట" అని అక్క అందుకుంది.

"ఈగలకు గూడా ఆఫీసు పెట్టినారా?"

"ఆఫీసు లేదండీ. నేనే."

తాత టోపీ మీద చెయ్యి పెట్టుకుని నా వలను చూశారు. "టోపీ తీసేయల్నా?"

"వద్దు తాతా! అది ఉంటేనే వస్తాయి! కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి!"

"నిలబడేదే గదా. నిలబడే పనే సేసినా జీవితమంతా."

నిలబడ్డారు. చేతులు రెండూ కిందికి వదిలి, ఫోటోకు నిలబడినట్టు. చుట్టూ పది పన్నెండు మంది. వల ఎత్తి గట్టిగా తిప్పాలి. నేను మెల్లగా, ఎవరికో తగులుతుందన్నట్టు తిప్పాను. గుంపు విడిపోయింది. వలలో ఏమీ లేదు.

"అయిపాయనా?"

"లేదు తాతా! ఇంకొంచెంసేపు!"

నిమిషంలో మళ్ళీ చేరాయి. ముందు ఒకటి, తర్వాత ఆరేడు, తర్వాత లెక్క అందలేదు. ఎండలో రెక్కలు మెరుస్తున్నాయి. ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అన్నీ ఒకే ఎత్తులో లేచి ఒకే లోతుకు దిగుతున్నాయి. మెట్టతామర వైపు నుంచి ఇంకొకటి వచ్చింది, వాటికన్నా కాస్త బరువుగా, తిన్నగా ఎగురుతూ. గుంపులోకి దూరింది. దూరిన వెంటనే ఏదో ఒకదానితో కలిసి, రెండూ గిరగిరా తిరుగుతూ ఆయన ఎడమ భుజం మీద పడ్డాయి.

తెల్ల చొక్కా మీద రెండూ స్పష్టంగా కనిపించాయి. ఒకదాని రెక్క అంచున నల్ల చుక్క. ఆరు నెలలుగా నేను రోజూ చూస్తున్నది అదే. దానికి తోక కలిపి వెనక్కి తిరిగి ఉన్న రెండోది సన్నగా, కాస్త నల్లగా ఉంది. చుక్క లేదు. విడిగా కనిపిస్తే ఇది వేరే జాతి అనుకుని వదిలేసేదాన్నే.

వల కింద పెట్టాను. సంచిలోంచి చిన్న సీసా తీశాను. అప్పటిదాకా ఏ పరాయి మనిషి భుజం మీదా చెయ్యి వేసి ఎరగను. ఊపిరి బిగబట్టి సీసా బోర్లించాను. చొక్కా కింద ఆయన ఎముక సీసా అంచుకు తగిలింది. అక్క మెడ చాచి చూసింది.

"సాయిబూ, నీ భుజం మీద పెండ్లి జరుగుతాండాది, కదలాకు!"

అందరూ నవ్వారు. ఆయనకు వినపడలేదు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వారు, భుజం మాత్రం కదలకుండా. కాగితం లోపలికి జరిపాను. రెండూ సీసాలో ఉన్నాయి, ఇంకా విడిపోకుండా.

"దొరికిందా?"

"దొరికింది తాతా!"

"దేనికి పనికొస్తాది?"

"పేరు తెలుస్తుంది!"

"తెలిస్తే?"

నేను సీసాకు బిరడా బిగించాను. ఆయన సీసా వైపు చూసి "సరేలే, తెలియనీ" అని మళ్ళీ చేతులు ఊపడం మొదలుపెట్టారు. జనం నడకలో పడ్డారు. నా మొహం మంట పుడుతోంది, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఎందుకో ఇప్పటికీ తెలియదు. సిగ్గు అనే రాసుకున్నాను.

తర్వాత వారంలో ఇంకో మూడు పొద్దున్నలు వెళ్ళి వలతో మగవాటిని పట్టాను. ప్రతిసారీ అరవాల్సి వచ్చింది. జంటనూ మిగతావాటినీ స్పిరిట్ వంచేసి తడి దూదిలో సర్ది, మెయిల్‌కు జవాబిచ్చిన ఆ పెద్దాయనకు పోస్టులో పంపాను.

జవాబు ఏప్రిల్ మొదట్లో వచ్చింది. పేరు దొరికింది. రెండు మాటల లాటిన్ పేరు, పలకడం నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కొత్త జాతి కాదు. చాలా ఏళ్ళ కిందట ఎవరో సముద్రం దగ్గర ఊళ్ళో దొరికిన ఒకే ఒక్క మగదాన్ని చూసి రాశారట. తర్వాత ఎవరూ రాయలేదు. ఆడది ఎలా ఉంటుందో ఇప్పటిదాకా ఎక్కడా లేదు. ఆడవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయని అడిగారు. సీసా లెక్కపెట్టాను. అరవై ఒకటి. అయితే ఆడదాని వర్ణన మీరే రాయండి, నేను సరిచూస్తాను అన్నారు.

ఆ మెయిల్ స్టాఫ్‌రూములో చదివాను. మూడుసార్లు చదివి ఉంటాను. పక్క కుర్చీ మేడమ్ నన్ను చూసి "ఏం మేడమ్, మీలో మీరే నవ్వుకుంటాండారు?" అన్నారు.

"ఏం లేదు మేడమ్" అన్నాను.

ఆమె మళ్ళీ పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు. నోటిదాకా వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఈగ అనాలా, బండ అనాలా, రెండింటి ఎండ అనాలా? ఆ రాత్రి డైరీలో ఆడ ఈగ గురించి అరపేజీ, "ఏం లేదు" అన్నందుకు రెండు పేజీలు రాశాను.

తాతకైనా చెబుదామని రెండు పొద్దున్నలు వెళ్ళాను. ఆయన లేరు. మోకాళ్ళ నొప్పితో నడక మానేశారని అక్క చెప్పింది. ఇల్లు ఎక్కడో తనకూ తెలియదు. గుంపు మాత్రం ఉంది. చెత్తడబ్బా తెల్లమూత మీద లేస్తూ దిగుతూ ఆడుతోంది. పేరు అక్కకు చెప్పాను. "ఏందీ, మళ్ళీ సెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. "మా చిన్నప్పుడు సన్నీగ అంటాంటిమి, అదే బాగుండాది" అంది.

వర్ణన రాయడానికి పది రోజులు పట్టింది. పొడవు, తల వెడల్పు, మీసంలో మూడో ముక్క ఆకారం, కాళ్ళ మీద వెంట్రుకల వరస, చుక్క ఏ గీత దగ్గర మొదలై ఏ గీత దగ్గర ఆగుతుంది. ఉండే చోటు, కనిపించే వేళ. మధ్యాహ్నం వేళ గురించి రాయడానికి నా దగ్గర ఉన్నంత సమాచారం ఇంకెవరి దగ్గరా ఉండదని పెద్దాయన రాశారు. మెచ్చుకుంటూనే రాశారు. నేను చాలాసేపు ఆ లైను దగ్గరే ఆగాను.

ఒక్క ఖాళీ మిగిలింది. కంటి రంగు. స్పిరిట్లో వేస్తే కళ్ళు గోధుమ రంగుకు తిరిగిపోతాయి. నా అరవై ఒక్కటీ గోధుమ కళ్ళవే. బతికున్నప్పుడు ఏ రంగో డైరీల్లో వెతికాను. రెక్కల గురించి ఎన్నో పేజీలున్నాయి, కళ్ళ గురించి ఒక్క మాట లేదు. ప్రతిసారీ పట్టాలని చూశానే గానీ, దాని మొహం చూడలేదు.

కాంట్రాక్టు చివరి రోజు ల్యాబు తాళంచెవి ఆఫీసులో ఇచ్చి, భూతద్దం తీసుకుని పార్కుకు వెళ్ళాను. ఇంకా మూడు కాలేదు. బండ కాలుతోంది, తడి ఉన్నంత మేర మాత్రం చల్లగా ఉంది. సంచి పక్కన పెట్టి బోర్లా పడుకున్నాను, గడ్డం బండకు ఆనేలాగా. భూతద్దం కంటికి ఆనించి, ఈగకు రెండు వేళ్ళ దూరం దాకా జరగాలి. ఒకటి వచ్చింది. జరిగేలోపు ఎగిరిపోయింది. ఇంకొకటి వచ్చింది.

వెనక నుంచి చెప్పుల చప్పుడు. ఆ వేళకు అక్కడ అక్కవి తప్ప వేరే చెప్పులు నేనెప్పుడూ వినలేదు.

"మేడమ్?"

నా సెకండియర్ పిల్లలు. ఇద్దరో ముగ్గురో, తిరిగి చూడలేదు కాబట్టి తెలియదు.

"మేడమ్, పడిపోయినారా?"

"లేదు" అన్నాను. "ఒక్క నిమిషం. కదలొద్దు."

గుసగుసలు వినిపించాయి. "ఏమన్నా పోగొట్టుకున్యారేమోరా." "మేడమేనా, కాదా?" "మేడమేరా, సంచి చూడు." కాసేపు నిలబడ్డారు. నేను లేస్తానని చూసి ఉంటారు. కొన్నాళ్ళ కిందట అయితే చప్పుడు వినగానే లేచి, బట్టలు దులుపుకుని, కుళాయి తిప్పుతున్నట్టు నటించి ఉండేదాన్ని. భూతద్దం కింద ఈగ నాలుగడుగులు నడిచి ఆగింది. తల నా వైపు తిప్పింది. చెప్పుల చప్పుడు మెల్లగా దూరమైపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాత ఆ బండ మీదే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని ఖాళీ నింపాను. ఆడది: బతికున్నప్పుడు కళ్ళు ముదురు ఎరుపు, మధ్యలో అడ్డంగా ఒక ఆకుపచ్చ పట్టీ. పట్టీ సన్నది, ఎండ పక్కనుంచి పడినప్పుడే కనిపిస్తుంది.